మా అత్త సినిమా హిందీ

ఆమె మా నాన్నకి అక్క, నాకు అత్త. చిన్న వయసులోనే భర్త పోవడంతో తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తంలోని పుట్టింటికి తిరిగి వచ్చి, బీడీలు చుట్టుకుంటూ మాతోనే ఉండిపోయింది. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే అయినా ఆమెకి చదవడం వచ్చింది తమిళం ఒక్కటే. హిందీ ఆమెకి ఎవరూ నేర్పలేదు. అయినా పాత హిందీ సినిమాల పేర్లు చెప్పమంటే ఒళ్లోని చేటలో ఆకు అయిపోయేదాకా చెబుతూనే ఉండేది. ప్రతి పేరుకీ ఒక పాట అందుకునేది.

ఇదంతా పక్కింటి స్నేహితురాలి వల్ల వచ్చింది. ఆవిడ ముస్లిం. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. ఊళ్లోకి హిందీ సినిమా వస్తే కలిసి మ్యాట్నీకి వెళ్లేవాళ్లు. బాగుందని ఎవరైనా అంటే వేలూరు బస్సెక్కేవాళ్లు. తెర మీద పేర్లు పడే సమయానికి సీట్లో కూర్చుని ఉండాలని అత్త పట్టుదల. సినిమా పేరు మూడు లిపుల్లో పడేది. ఉర్దూ అక్షరాలు స్నేహితురాలు చదివి చెవిలో చెబితే అత్త ఆ పేరుని పెదాలతోనే రెండు మూడుసార్లు అనుకునేది. ఆమె నేర్చుకున్న హిందీ అంతా అలా చెవిలో పడిందే. అర్థం స్నేహితురాలు చెప్పినంత, మిగతాది తన ఊహ.

మా ఇంట్లో ఏ సంగతి ఎప్పుడు జరిగిందో చెప్పాలన్నా ఆమెకి ఏడాదులు గుర్తుండేవి కావు. ఒక సినిమా పేరు చెప్పి, "అది వేలూరులో ఆడతా ఉండంగానే నువ్వు పుట్టినావు నాయనా. నిన్ను చూసేదానికి వచ్చినోళ్లకంతా ఆ పాటే పాడి వినిపిస్తి" అనేది. చిన్నప్పుడు నాకు అది గొప్పగా ఉండేది. బడిలో ఎవరి అత్తకీ అన్ని సినిమాలు తెలియవని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

తర్వాత నాన్న నన్ను హిందీ ట్యూషన్‌లో చేర్చాడు. పరీక్షలు ఒకటి తర్వాత ఒకటి పాసయ్యాను. ఏ మాట స్త్రీలింగమో, ఏది పుంలింగమో తెలిసింది. ఆ పైన అత్త పాడుతుంటే నాకు పాట వినపడటం పోయి తప్పులు వినపడటం మొదలైంది. ఒకసారి ఒక పాటలో రెండు మాటలు దిద్దాను. నేను చెప్పినట్టు పాడబోతే ఆమెకి రాగం కుదరలేదు. పగలబడి నవ్వి, "నీది పుస్తకంలో ఉండనీ, నాది నా నోట్లో ఉండనీ" అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ పుస్తకం హిందీయే నాకు తిండి పెట్టింది. వేలూరులో పెద్దాసుపత్రి చుట్టుపక్కల సందుల్లో లాడ్జీలు ఎన్నో ఉన్నాయి. బెంగాల్ నుంచి, జార్ఖండ్ నుంచి, అస్సాం నుంచి రోగులు కాట్పాడిలో రైలు దిగి అక్కడికే వస్తారు. వారాలు, నెలలు ఉంటారు. బాడుగ స్టవ్ మీద గదిలోనే వండుకుంటారు. అలాంటి లాడ్జి ఒకదానికి నేను మేనేజరుని. వ్యాకరణం తప్పకుండా మాట్లాడతానని నా గురించి నాకు గొప్ప. వచ్చినవాళ్లు నాతో మర్యాదగా మాట్లాడేవాళ్లు, పని చూసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఇన్నేళ్లలో ఒక్కరూ నా బల్ల దగ్గర ఊరికే నిలబడి కబుర్లు చెప్పింది లేదు.

కొన్నేళ్ల కిందట అత్తకి కంట్లో పొర తీయించడానికి వేలూరు తీసుకొచ్చాను. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చూపించుకోవడానికి రావాలన్నారు. నేనుండే ఇల్లు మూడో అంతస్తు, ఆమెకి మోకాళ్ల నొప్పులు. అందుకని లాడ్జిలోనే కింది గది ఒకటి ఇచ్చి అక్కడ ఉంచాను. రెండోరోజుకే ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందు హాలులోని బెంచీ మీదకి చేరింది. నాలుగో రోజుకి ఆ బెంచీ చుట్టూ జనం చేరారు.

ఆమె హిందీ అంతా సినిమాలదే కదా. గుండెకి, కన్నీళ్లకి, వెన్నెలకి, విడిపోవడానికి ఆమె దగ్గర బోలెడు మాటలుండేవి. బకెట్‌కి మాట లేదు, ఉప్పుకి లేదు, కొళాయికి లేదు. ఒకరోజు హాలు కొళాయిలో నీళ్లు రాకపోతే, ఆ సంగతి చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పడానికి వేలితో కొళాయి చూపించి, "రోతా నహీ" అంది. అంటే అది ఏడవడం లేదని. హాలంతా నవ్వు. అందరికంటే ఎక్కువ నవ్వింది జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక ముసలామె.

ఆ ముసలామె, ఆమె భర్త అప్పటికి నెలకి పైగా మా లాడ్జిలో ఉన్నారు. ఆమెకి కడుపులో పెద్ద జబ్బు. తలమీద కొంగు కప్పుకుని గోడవైపు చూస్తూ కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ రోజు నవ్వాక ఆమె వచ్చి అత్త పక్కన కూర్చుంది. అత్త ఒక సినిమా పేరు చెప్పింది. ఆమె సన్నటి గొంతుతో దాంట్లో పాట ఎత్తుకుంది. తర్వాత ఆమె పేరు చెబితే అత్త పాడింది. అదే వాళ్ల ఆట అయిపోయింది. పొద్దున మందులు వేసుకోగానే ముసలామె కిందికి దిగివచ్చేది. ఆమె భర్త మెట్ల దగ్గర నిలబడి చూసేవాడు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆవిడ వచ్చాక మా ఇంటామె రెండు పూటలా తింటోంది" అని హిందీలో చెప్పాడు. నాతో ఊరికే మాట్లాడటానికి వచ్చిన మొదటి మనిషి ఆయన. అదీ అత్త గురించే.

నేను సంతోషించి ఉండాల్సింది. కానీ నాకు ఒళ్లు మండింది. ఒంట్లో ఎలా ఉందని ఆమె "తబియత్ కైసా హై" అని అడిగిన ప్రతిసారీ, కైసా కాదు కైసీ అనాలని నాకు లోపల పురుగు తొలిచినట్టు ఉండేది. తప్పుల తడకగా మాట్లాడే ఆమె చుట్టూ జనం, తప్పు లేకుండా మాట్లాడే నా దగ్గర ఎవరూ లేరు. అది నేను అప్పుడు ఒప్పుకోలేదు. లాడ్జి పరువు పోతోందని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె నాకు అత్త అవుతుందని లాడ్జిలో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం లాడ్జి యజమాని ఉత్తరాదికి చెందిన ఒక వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి ఇంకో లాడ్జి పెట్టాలని మాటలు జరుగుతున్నాయి. వాళ్లు లోపలికి వచ్చే సమయానికి అత్త చేతులు తిప్పుతూ పాడుతోంది. ముసలామె తల ఊపుతోంది. ఆమె భర్త నా బల్ల పక్కన నిలబడి చూస్తున్నాడు. పదిమంది చప్పట్లు కొడుతున్నారు. ఒకడు ఫోనులో తీస్తున్నాడు. యజమాని మొహం ముడుచుకుంది. వ్యాపారి నవ్వుతూ నన్ను హిందీలో అడిగాడు:

"ఎవరు ఈ అమ్మ?"

మా అత్త అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నా నోటినుంచి ఆ మాట రాలేదు. ఎవరో రోగి తాలూకు మనిషి అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన ఇంకా ఆమెనే చూస్తున్నాడు. నేను గొంతు తగ్గించి, శుద్ధమైన హిందీలో, "దిమాగ్ ఠీక్ నహీ హై. పాగల్ హై" అన్నాను.

ఆమెకి అర్థం కాదనే అనుకున్నాను. పాగల్, అంటే పిచ్చి అనే మాట పాత పాటల్లో ఎన్నిసార్లు వస్తుందో నాకు ఆ క్షణాన తోచలేదు. ఆమెకి తెలిసిన కొద్ది హిందీలో బాగా తెలిసిన మాట అదే.

పాట మధ్యలో ఆగిపోయింది. అత్త నావైపు తిరిగింది. నల్లకళ్లద్దాల వెనక ఆమె కళ్లు నాకు కనపడలేదు. బెంచీ పట్టుకుని లేచి, గోడ తడుముకుంటూ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. వ్యాపారికి నేను గదులన్నీ తిప్పి చూపించాను. ఆయన నా హిందీని మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం ఆమె గదికి అన్నం తీసుకెళ్తే చీరలు మడిచి సంచిలో పెట్టుకుంటోంది.

"గుడియాత్తం బస్సు ఎక్కించు నాయనా."

"ఇంకోసారి డాక్టరుకి చూపించాలి కదత్తా."

"ఆ దినానికి వస్తాలే. మీ నాయన తోడు వస్తాడు."

"పొద్దున నేను ఏదో..."

"నువ్వు ఏమీ అన్లేదు. పనిచేసే తావున నేనొచ్చి గలాటా చేసినా. తప్పు నాదే. బస్సు యాడ నిలబడతాదో చూపిస్తే చాలు, నేను పోతా."

తప్పు నాదేనని ఆమె అన్నప్పుడు నేను కాదనలేదు. ఆమె సంచి పట్టుకుని బస్టాండు దాకా నడిచాను. కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాను. మంచి మేనల్లుడు చేసే పనులన్నీ చేశాను, క్షమించమని అడగడం తప్ప.

మర్నాడు పొద్దున జార్ఖండ్ ముసలామె కిందికి దిగి ఖాళీ బెంచీ చూసి నన్ను అడిగింది. వచ్చే వారం వస్తుందని చెప్పాను. అత్త నాన్నతో ఆసుపత్రికి వచ్చి, లాడ్జికి రాకుండానే వెళ్లిపోయింది. ఆ వారం కూడా గడిచాక ముసలామె అడగడం మానేసింది. కిందికి దిగడమూ మానేసింది. ఆసుపత్రిలో మళ్లీ చేర్చారు. కొన్ని రోజులకి భర్త ఒక్కడే నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఫోను పట్టుకుని ఉన్నాడు.

"బాబూ, ఆ పాడే అమ్మ నంబరు ఉందా? మా ఇంటామె ఒక పాట వినాలంటోంది. ఫోనులో పాడినా చాలు."

నంబరు నాకు నోటికి వచ్చు. అది మా ఇంటి నంబరు. ఇస్తే ఆమె నాకు ఏమవుతుందో తెలిసిపోతుంది. ఆ రోజు హాలులో ఆయన కూడా ఉన్నాడు, నేనన్న మాట విన్నాడు. సొంత అత్తని పిచ్చిదని చెప్పినవాణ్ణని ఆ ముసలాయన దగ్గర బయటపడటం నాకు ఇష్టం లేకపోయింది.

"లేదండీ. ఎవరో ఏమో, గది ఖాళీ చేసి వెళ్లిపోయారు" అన్నాను.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వారం తిరగకుండా డాక్టర్లు ఆమెని ఇంక ఊరికి తీసుకెళ్లమని చెప్పేశారు. కాట్పాడి స్టేషనుకి ఆటో నేనే పిలిచాను. ఆమెని ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. చిన్నపిల్ల బరువు కూడా లేదు.

మూడు నెలలు నేను ఎవరికీ చెప్పలేదు. గుడియాత్తం వెళ్లినప్పుడు అత్త ఎప్పటిలాగే అన్నం పెట్టేది, పిల్లల గురించి అడిగేది. ఒక ఆదివారం ఆమె వాకిట్లో కూర్చుని బీడీలకి దారం కడుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. వ్యాపారితో అన్న మాట, ముసలామె అడగడం, నంబరు లేదని అబద్ధమాడటం, అన్నీ. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆమె దారం పక్కన పెట్టి అడిగింది. "ఏ పాట అడిగిందిరా ఆయమ్మ?"

ఏ పాట అని నేను ఆయన్ని అడగనే లేదు.

"అదైనా అడగకపోతివా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఆశ్చర్యం మాత్రమే ఉంది. ఇంత చిన్న సంగతి ఒక మనిషికి ఎలా తోచకుండా పోతుందన్నట్టు. నాకు ఆ ఒక్క మాటతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లాడ్జి పుస్తకంలో ఆయన నంబరు ఉంది. మర్నాడు వేలూరు వెళ్లి చూసి, అత్తకి ఫోను చేసి, ఆ నంబరు కలిపి ఇద్దరినీ మాట్లాడించాను. ముందు నేను మాట్లాడాలి కదా. పేరు చెప్పి, ఆ అమ్మ మా సొంత అత్త అని, ఆ రోజు మీకు అబద్ధం చెప్పానని అన్నాను. తర్వాత ఆయన, "మా ఇంటామె వెళ్లిపోయింది బాబూ. ఊరు చేరిన పదహారో రోజు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అత్త ఉందా అని అడిగాడు. అత్త "హా జీ" అంది. ఆయన ఒక సినిమా పేరు చెప్పాడు.

అత్త పాడుతుందనుకున్నాను. పాడలేదు. తనకి వచ్చిన హిందీలో, లింగాలూ వచనాలూ తలకిందులు చేసుకుంటూ, ఆయన తిన్నాడా, కొడుకు దగ్గర ఉన్నాడా, నిద్ర పడుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. మాట దొరకనిచోట తెలుగే మాట్లాడింది. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. నా బల్ల దగ్గర నేను ఫోను చెవికి పెట్టుకుని విన్నాను. ఆ అరగంటలో నాకు ఆమె హిందీలో ఒక్క తప్పూ వినపడలేదని చెప్పాలని ఉంది. అది అబద్ధం. అన్నీ వినపడ్డాయి. ఒక్కటీ దిద్దాలనిపించలేదు.

ఆయన ఇప్పటికీ పండగలకి ఆమెకి ఫోను చేస్తాడు. నాతో ఆమె మామూలుగానే ఉంది, మామూలుకంటే ప్రేమగానే ఉంది. కానీ నా ముందు పాడదు. పాడమని రెండుసార్లు అడిగాను. "గొంతు బాగలేదు నాయనా" అని నవ్వింది. స్నేహితురాలు పక్కన ఉన్నప్పుడు మాత్రం పాడుతుంది. మొన్న నేను వెళ్లేసరికి లోపల ఇద్దరి గొంతులూ వినపడ్డాయి. లోపలికి అడుగుపెడితే ఆగిపోతుందని తెలుసు. చేతిలో పండ్ల సంచితో వీధిలోనే నిలబడ్డాను. ఎదురింటివాళ్లు "ఏమప్పా, లోపలికి పోకుండా ఈడనే నిలబడుకోని ఉండావు?" అని అడిగితే, చెయ్యి ఊపి ఊరుకోమన్నాను.