చిత్రిక పట్టని పలక

ఆ వీధి వాళ్ళందరికీ ఆయన నునుపు మేస్త్రి. వడ్రంగి పనిలో ఆయన్ను మించినవాడు లేడో ఏమో గానీ, ఆయనంత చాదస్తుడు మాత్రం ఇంకొకడు లేడు. చేసిన ప్రతి వస్తువునీ చెంపకు ఆనించి చూసుకుంటాడు. గరుకు తగిలిందా, మళ్ళీ చిత్రిక మొదలు. "ఆ కుర్చీకి ముద్దులు పెట్టడం అయిపోతే అన్నానికి రావయ్యా!" అని భార్య వంటింట్లోంచి కేకేసేది.

చర్చిలో నిలువెత్తు టేకు సిలువ కూడా ఆయన చేతిదే. ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే చాలు, ఉబ్బితబ్బిబ్బైపోయేవాడు. పాస్టరు ఏం చెప్పాడో ఆయన్ను అడక్కండి. చూపంతా సిలువ అంచుల మీదే.

జైల్లో తలుపులు, బల్లలు బాగుచేసేదీ ఆయనే. ఆ వారం ఉరికంబం దగ్గరికి పిలిచారు. మనిషి నిలబడే పలక పుచ్చిపోయింది, మార్చమన్నారు. మేస్త్రి కాదనలేక కొత్త పలక కోసి, బిగించి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. చెంపకు ఆనించడం మాట దేవుడెరుగు, చిత్రికే పట్టలేదు. దాన్నెవరు తడిమి చూస్తారని! ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ముందు వరసలో ఒక పెద్దావిడ మిగిలిపోయింది. కొత్త మనిషి. సిలువనే చూస్తూ కూర్చుంది. మేస్త్రి అలవాటుగా పక్కన చేరాడు.

"నేనే చేశానమ్మా. బాగుందా?"

"ఇంత అందంగా ఎలా చేశావు నాయనా? ఇది మనిషిని చంపే కొయ్య కదా!" అందావిడ. "ఎన్నేళ్ళు మోకరించినా నాకూ తట్టలేదులే. మావాడు ఇక్కడి జైల్లోనే ఉన్నాడు. ఉరి ఖాయమైంది. తప్పు చేశాడు, కాదనను. కానీ ప్రభువు తల్లిని సిలువ దగ్గర నిలబడనిచ్చారు. నన్ను రానివ్వరట."

మేస్త్రి సిలువకేసి చూశాడు. ఇన్నేళ్ళూ తాను మెరుగుపెట్టి మురిసిపోయింది ఉరికంబానికా! దాని మీద వేలాడింది ఒక తల్లి కన్నబిడ్డ అని ఒక్కనాడైనా అనుకున్నాడా? ఛీ, ఏం బతుకు!

"అమ్మా... అక్కడి ఉరికంబం పలక కూడా నేనే చేశాను," అనేశాడు. తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

ఆవిడ ఆయన చేతులకేసి చూసింది. తర్వాత లేచి సిలువ మీద అరచేయి ఆనించి, మెల్లగా కిందికి నిమిరింది.

"దాన్ని కూడా ఇలాగే నున్నగా చేశావా నాయనా? వాడు వట్టి కాళ్ళతో నిలబడతాడు."

మేస్త్రి ఇంటికి పరిగెత్తి, చిత్రిక, గరుకు కాగితం సంచిలో పడేసుకుని, ఆదివారపు బట్టల్లోనే జైలు గేటు ముందు నిలబడ్డాడు.

"ఈరోజు సెలవు కదా మేస్త్రీ, ఏంటీ హడావిడి?" అన్నాడు కాపలావాడు.

"పని మిగిలిపోయింది బాబూ. తలుపు తియ్యి."