గంట కొట్టాల్సిన అంకె రాలేదు

నా భర్త పోయాక కాలేజీలో ఆయన చేసిన అటెండరు పని నాకిచ్చారు. ఊరికే ఇవ్వలేదు. “సదువుకున్నావా?” అని ప్రిన్సిపాల్ అడిగితే, “ఐదు పాసయ్యాను బాబూ” అన్నాను. నేను బడి గుమ్మం తొక్కితే కదా! ఆ అబద్ధం ఆడకపోతే మళ్లీ చేపల గంప ఎత్తుకోవాలి. నడుం అప్పటికే పోయింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

ఊడవాలి, నీళ్లు పట్టాలి, గంట కొట్టాలి. గంటంటే వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఆఫీసు గోడ గడియారం వెనకబడుతోందని, కంప్యూటర్లో టైము చూసే కొట్టమని ప్రిన్సిపాల్ ఆర్డరు. కిటికీలోంచి చూస్తే తెర పైమూల సన్నటి అంకెలు కనబడేవి.

నాకు అంకెలు రావు. గుర్తులొస్తాయి. రేవులో పదిమంది గంపలు ఒక్కచోట దించితే కలిసిపోకుండా బొగ్గుతో గీతలు పెట్టుకునేవాళ్లం. ఇక్కడా అదే చేశాను. చేరిన కొత్తలో వేళయినప్పుడల్లా ఆఫీసులో టైపు చేసే అమ్మాయి కేకేసేది. అప్పుడు తెర మీద ఏ ఆకారం ఉందో చూసి, స్తంభం వెనక బొగ్గుతో దించుకున్నాను. రోజుకి ఎనిమిదిసార్లు కొట్టాలి, ఎనిమిది బొమ్మలు. తెర మీదిది, స్తంభం మీదిది ఒకటైతే కొట్టడమే. మూడు నెలలు ఒక్కటీ తప్పలేదు.

ఒకరోజు భోజనం చేసి వచ్చేసరికి తెర మీద అంకెలు పెద్దవైపోయాయి. పక్కన తేదీ, వారం కూడా వచ్చి కూర్చున్నాయి. అవి ఏవైతే నాకేం, నా బొమ్మ వస్తే చాలనుకుని నిలబడ్డాను. రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. పిల్లలు ఇంకా ఆవరణలోనే ఆడుతున్నారు.

ప్రిన్సిపాల్ బయటికొచ్చాడు.

“ఏటమ్మా, గంటేదీ? నిద్దరోతన్నావా?”

“ఇంకా అవ్వలేదు బాబూ.”

“అవ్వలేదా! ఏదీ, ఆ టైమెంతో సదువు.”

“ఒకటిన్నర” అన్నాను గుడ్డిగా.

“రెండు కొడతన్నాది! ఐదు సదివేనన్నావు, ఏటి సదివేవు?”

కాళ్ల మీద పడ్డాను. “నా మొగుడు కొట్టిన గంట బాబూ, నా సేతిలోంచి తియ్యకండి.”

“రేపు తప్పితే మరి రానక్కర్లేదు” అని లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక టైపు చేసే అమ్మాయిని స్తంభం వెనక్కి లాక్కెళ్లి బొగ్గు బొమ్మలు చూపించాను. చూసి నోటి మీద చెయ్యేసుకుంది.

“నీకోసమే పెద్దవి సేసేను పిన్నీ. కిటికీలోంచి కళ్లు సిట్లించుకుని సూస్తన్నావని జాలేసింది. ఒంటిగంటకి పదమూడు, రెండింటికి పద్నాలుగు అని ఉంటే నీకు తెలవదేమోనని, ఒంటిగంట, రెండు అని మార్చేను.”

“జాలి పడి నా కూడు తీసేసేవు కదే తల్లీ!” అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. కానీ అప్పుడు నోరాగలేదు.

“పాతదే పెట్టీమ్మా” అని బతిమాలాను.

“సారుకి కొత్తది నచ్చింది. తీసేస్తే ఊరుకోడు.”

“నేనేటైపోవాలి మరి?”

ఏడుపు ఆగలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆఫీసులోకి తీసుకెళ్లింది. “ఏడవకు పిన్నీ. ఈ కంప్యూటర్ని నడిపేది లినక్సు. మనమెలా రాస్తే గడియారం అలా సూపిస్తాది. రెండూ పెట్టేస్తానుండు.” ఏవో గళ్లు తెరిచి, రెండు చిన్న సున్నాల మధ్య వాలుగీత ఉన్న గుర్తులు, అక్షరాలు కొట్టింది. తెర మీద ఎడమవైపు నా పాత అంకెలు, కుడివైపు కొత్తవి వచ్చాయి. తేదీ తీసి కిందికి పంపింది. “సారడిగితే నాకే కొత్తవి అలవాటు కాలేదని సెప్తాను.”

మర్నాడు మధ్యాహ్నం, కుడివైపువి చూస్తే బుర్ర తిరిగిపోతుందని కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించి వాటిని మూసేశాను. ఎడమవైపు నా బొమ్మ వచ్చింది. కొట్టాను.

ప్రిన్సిపాల్ గుమ్మంలోకి వచ్చి చేతి గడియారం చూసుకున్నాడు. లోపలికి వెళ్లాడు.

ఆ రోజు ఇంకా మూడుసార్లు కొట్టాలి. గంట కొట్టే ఇనప కడ్డీ కింద పెట్టలేదు. అలా పట్టుకునే కిటికీ దగ్గర నిలబడ్డాను.