తొమ్మిది లారీల బండలు, ఒక విమానాల కాలేజీ

నా తెలివి ఒకసారి నన్ను ఎంత లోతు గోతిలో పడేసిందో చెబుతాను. మా బేతంచెర్ల బండల క్వారీల్లో కూడా అంత లోతు గోతులు లేవు.

రెండువేల దశకం మధ్యనాటి మాట. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. చదివితే విమానాల ఇంజనీరింగే చదవాలని నా పట్టు. యూనివర్సిటీలో సీటు అందేలా ఉంది. బుద్ధున్నవాళ్లయితే కళ్లకద్దుకుని చేరతారు. నేను పరిశోధన మొదలుపెట్టాను.

మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆ వేసవిలో హైదరాబాదు దగ్గర ఒక కొత్త కాలేజీకి వరసగా తొమ్మిది లారీల బండలు పోయాయి. ఆ కాలేజీలో నా కోర్సు కూడా ఉందని తెలిసింది. ఇంక ఆగుతానా?

"నాయనా, తొమ్మిది లారీల బండలు ఎంత గదిలో పడతాయి?"

"గదిలో యాడ పడతాయమ్మా? శానా పెద్ద హాలే అయ్యుంటాది."

"అంత పెద్ద హాలు విమానం నిలబెట్టడానికి కాకపోతే ఇంక దేనికి?"

"నాకేం తెల్సు? రైలెక్కి పోయి ఒకతూరి చూసొద్దాం పా."

"చూసేదేముండాది నాయనా? తేలిపోయింది కదా!"

చూశారా, ఒక్క రైలు టికెట్టుతో పోయే పీడ! కౌన్సెలింగ్‌లో ఆఫీసరు గారు కూడా ఆపబోయారు.

"అమ్మాయీ, యూనివర్సిటీ సీటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆలోచించుకో."

"అక్కడ నేల ఏంది సార్?"

"నేలా?" ఆయన కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "సిమెంటేమోనమ్మా. ఎందుకు?"

జాలిగా నవ్వాను. పాపం, పెద్దాయనకు విమానాల సంగతి ఏం తెలుసు!

ఆ కొత్త కాలేజీలో చేరే రోజు నాయన తోడు వచ్చాడు. విమానాల ల్యాబు ఒకే ఒక్క గది. సిమెంటు నేల. కప్పుకు వేలాడుతున్న చెక్క విమానానికి ఒక రెక్క లేదు. వాచ్‌మన్‌ని పట్టుకున్నాను.

"అన్నా, పెద్ద హాలు ఒకటి ఉండాలే, యాడుండాది?"

"గా గేటు పక్కనే ఉన్నదమ్మా. మా ఓనరు సారుది ఫంక్షన్ హాలు. మస్తు పెళ్లిళ్లయితయి."

పరుగెత్తాను. తొమ్మిది లారీల బండలూ అక్కడే ఉన్నాయి. నాయన వంగి ఒక బండను చేత్తో నిమిరాడు.

"పని మాత్రం అద్దం మాదిరి ఉండాదమ్మా."

నాకు ఏడుపు ఆగలేదు. యూనివర్సిటీ సీటు అప్పటికే ఇంకెవరికో పోయింది. నా ఏడుపు చూసి వాచ్‌మన్ ఓదార్చాడు.

"ఏడ్వకమ్మా. క్లాసు రూములు ఇంకా కట్టలే. మీ క్లాసులు గీ హాల్లనే. ముహూర్తాలు లేని దినం."

ఆ ఏడాది నా కళ్లముందు గాల్లోకి ఎగిరినవి తలంబ్రాలు మాత్రమే.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మళ్లీ ఎప్పుడైనా కాలేజీ ఎంచుకోవలసి వస్తే, ముందు లోపలికి వెళ్లి నా కళ్లతో చూస్తాను. అదీ మంచి ముహూర్తం ఉన్న రోజున.