కొమ్ముల రాణి దగ్గర మా బుడ్డోడు

ఇప్పుడంటే పుట్టిన బిడ్డ కళ్ళు తెరిచేలోపే ఫోనులో బోలెడన్ని ఫొటోలు తీసేస్తున్నారు గానీ, నా చిన్నప్పుడు మా చోడవరంలో ఫొటో దిగడమంటే ఇంటిల్లిపాదీ తలంటు పోసుకుని, మంచి బట్టలు కట్టుకుని, స్టూడియోలో ఊపిరి బిగబట్టి నిలబడడమే. (అందుకే మా పాత ఫొటోల్లో అందరూ ఎవరో కొట్టబోతున్నట్టు కనబడతారు.) మా తమ్ముడు బుడ్డోడికి కూడా ఒకటి తీయిద్దామనుకున్నారు. "సెరుకు ఫేక్టరీకి తోలేసినాక సూద్దాం" అన్నాడు నాన్న. చెరుకు తోలకముందే వాడికి జ్వరం వచ్చింది, పలక పట్టకుండానే పోయాడు. ఏడాది తిరగకముందే అమ్మ ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని, "ఆడి మొగం గురుతు రావట్లేదే. కళ్ళు మూసుకుంటే ఏటీ అవుపడట్లేదు" అంది. అప్పటినుంచి కంచం ముందు కూర్చున్నా రెండు మెతుకులు కెలికి లేచిపోయేది.

అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, విశాఖపట్నంలో పాతకాగితాల దుకాణంలో పనిచేసేవాడు. ఓడల్లో వచ్చినవాళ్ళు వదిలేసిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు అక్కడికి చేరేవట. నా కోసం ఒకటి పట్టుకొచ్చాడు. నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. ఇంగ్లీషు అక్షరాలు నాకు బెల్లం చుట్టూ మూగిన చీమలే. కానీ ఆ బొమ్మలున్నాయే! అంతా చీకటి. చేతిలో దీపం పట్టుకుని ఒక బక్కపిల్లాడు మెట్లు దిగి చచ్చిపోయినవాళ్ళ లోకంలోకి పోతుంటాడు. అక్కడొక రాణి, నెత్తిన కొమ్ములు, వీపున గబ్బిలం రెక్కలు. భయపడి పుస్తకం విసిరేసి, మళ్ళీ నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని. బుడ్డోడు ఎక్కడికి పోయాడని ఇంట్లో అడిగితే అందరూ ఆకాశం చూపించి మాట మార్చేసేవారు. ఆ పుస్తకమొక్కటే తలుపు తీసి లోపలికి రమ్మంది.

ఓ రాత్రి మెతుకులు కెలుకుతున్న కంచంతోనే అమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది. "ఆ గుంటడెవులే? మనోడిలాగున్నాడు."

"మనోడేనమ్మా" అనేశాను. ఇక నా నోటికి అడ్డేముంది? రాణి పుర్రెలో ఏదో పొగలు కక్కేది పోసి పిల్లాడికిస్తున్న బొమ్మ చూపించి, "సోడి అంబలి పోస్తన్నాదమ్మా" అన్నాను.

"సల్లార్సి పొయ్యమను, నోరు కాల్తాది" అంది అమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. నేను కథ ఆపితే ముద్ద ఆగేది. అందుకని ఆపేదాన్ని కాదు. మావయ్య వచ్చినప్పుడల్లా ఆ వరసలోదే ఇంకో పుస్తకం వెతికి తెచ్చేవాడు.

పెద్దలకు పెట్టుకునే అమావాస్య వచ్చింది. చిన్నపిల్లలకు పెట్టే ఆనవాయితీ మాకు లేదు. అమ్మ మాత్రం తాతయ్య ఫొటో పక్కన పుస్తకం తెరిచి నిలబెట్టి, పిల్లాడి బొమ్మకు బొట్టు పెట్టి, ముందు చిన్న ఆకు వేసింది. (పేజీ అంతా రాణే కాబట్టి కొంత కుంకం ఆవిడ కొమ్ముకీ అంటింది.) ఇంతలో మా మేనత్త రానే వచ్చింది.

"ఓలమ్మో! మా నాయిన పక్కన ఈ కొమ్ముల రాకాసేటే? మీ పుట్టింటోల్ల దేవతా?"

అమ్మ తల వంచుకుంది. నేనే అడ్డం వెళ్ళాను. "రాకాసి కాదత్తా. బుడ్డోడిని సూసుకుంతన్నాది."

"సూసుకుంతన్నాదని నీకు సెప్పిందేటి?" అని కసిరి, ఆ చిన్న ఆకు తీసేయడానికే వంగింది. వంగిన మనిషి చేయి వెనక్కి తీసుకుంది. గొంతు తగ్గించి, "ఏదీ, ఆ కాయితం తిప్పు. ఆడగుంటలెవులైనా ఉన్నారేటి అందులో?" అంది.

అత్తకు మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టి, నడక వచ్చాక పోయిందని అమ్మ తర్వాత చెప్పింది. ఆ క్షణాన నాకేం తెలుసు? వెతికి వెతికి ఓ మూల తోడేలు మీదెక్కిన పిల్లను చూపించాను.

"తోడేలెక్కిసిందా!" అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చింది. "నా కూతురే. ఒక్కసోట కూకునేది కాదు." ఇంకో చిన్న ఆకు తానే వేసింది.

మావయ్యకు దొరికిన ఆఖరి పుస్తకంలో ఆ పిల్లాడు పెద్దవాడైపోయాడు. నూనూగు మీసం, చేతిలో కత్తి. నేను పొంగిపోయి, "సూడమ్మా, బుడ్డోడు ఎంత ఎదిగిపోయేడో!" అని ఆమె ఒళ్ళో పెట్టాను. అమ్మ వేలితో ఆ మొహమంతా తడిమింది.

"ఈడు మనోడు కాదే."

"మనోడేనమ్మా! నేను సెప్తన్నాను కదా!"

"కాదు. మనోడి సెవులు ఇంత కాదు, సిన్నవి. ముక్కు కొసన తెగిన మచ్చుంది. నవ్వితే ఎడం కన్ను ముందు మూసుకుపోయేది..." చెబుతూ చెబుతూ ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. "అవుపడతన్నాడే," అంది. "ఇదిగో, నిజింగా ఆడే."

ఆ పూట అమ్మ తనంతట తానే అన్నం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ కంచం ఖాళీ చేసింది. నేను మాత్రం తినకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాను, ఇన్నాళ్ళూ కష్టపడి చెప్పిన కథను ఒక్క మాటతో చెడగొట్టేసిందని. అమ్మ బతిమాలినకొద్దీ మూతి ఇంకా ముడిచాను. ఇప్పుడు అమ్మ కూడా లేదు. మూతి ముడిచి కూర్చున్న ఆ గుంటను తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఒక్కసారి ఇటు తిరగవే పిచ్చిదానా, అమ్మ మొహం చూడు, అనాలనిపిస్తుంది.