గురక ఆగినచోట ముడి

పోలమ్మ వేళ్ళు నైలాను తాడు మీద ఆగేయి. మధ్యాహ్నం భోంచేసి చాప మీద వాలిన మొగుడు బంగారరాజు గురక ఠక్కున ఆగిపోయింది. పొట్ట ఎగురుతోంది గాని ముక్కులోంచి గాలి లేదు. కాసేపటికి ఒళ్ళంతా అదిరి, గుర్రుమని మళ్ళీ మొదలెట్టేడు. పోలమ్మ ఒక ముడి వేసింది.

అంతర్వేది పక్క వాళ్ళ పడవలో ఒక పద్ధతుంది. రాత్రి ఎవడు ఒళ్ళెరక్కుండా పడుకుంటే, తెల్లారి గోదారి సముద్రంలో కలిసే మొగ దాటించే చుక్కాని వాడిదే. కిందటి నెల బంగారరాజు గురకకి పడవ దద్దరిల్లింది. "బావ కరువుదీరా పడుకున్నాడు, ఆడికే ఇవ్వండి" అన్నాడు పోలమ్మ తమ్ముడు చిన్నా. మొగ దగ్గర బంగారరాజుకి కునుకు పట్టింది. పడవ ఇసక మేటకెక్కి తిరగబడింది. చిన్నా రెండోరోజు శవమై దొరికేడు.

ఊళ్ళో తాగేడన్నారు. చుక్క ముట్టడని పోలమ్మకి తెలుసు. గురక మధ్యలో ఊపిరి ఎందుకాగుతోందని ఆరోగ్య కేంద్రంలో నర్సు ప్రసన్నకుమారిని అడిగింది.

"గురకంటే గాఢనిద్ర కాదు పోలమ్మగారూ. గొంతు వెనక కండ సడలి గాలిదారి మూసుకుపోతుంది. ఊపిరాగినప్పుడల్లా మెదడు కుదిపి లేపుతుంది. ఎంతసేపు పడుకున్నా నిద్ర తీరదు, పగలు కునుకుతారు. గంటలో ఎన్నిసార్లాగుతోందో చూసి పెద్ద డాక్టరుగారికి చెప్పండి."

పోలమ్మకి రాత రాదు. ముడి వచ్చు.

కూతురు ఫోనులో పెట్టిన గంట అలారం మోగింది. బంగారరాజు లేచేడు.

"సోమారం పడవెక్కుతున్నానే. రాత్రి ఒళ్ళెరక్కుండా పడుకుంటే చుక్కాని మళ్ళీ నాకే ఇత్తారంట."

"ఈసారెవర్ని ముంచుతావు మావా?"

 మర్నాడు బంగారరాజు ఆవిడ వెనకే అమలాపురం బస్సెక్కేడు.

"నిద్ర ఎలా పడుతోంది?" అన్నాడు డాక్టరు.

"బెమ్మాండంగా అండీ."

పోలమ్మ కొంగుముడి విప్పి తాడు బల్ల మీద పెట్టింది. "గంటలో ముప్పై నాలుగండి. ఈయన పడవ చుక్కాని పడతారండి."

డాక్టరు ఒక్కో ముడీ తడిమి చూసేడు. బంగారరాజు జంటముడి ఒకటి చూపించేడు. "ఇదేటే?"

"అక్కడ ఊపిరి ఎంతకీ రాలేదు. నేనే కుదిపి లేపేను."

బంగారరాజు తల దించుకున్నాడు. "ఆ రోజు పడవలో ఎవరైనా ఇలా చూసుంటే..."

"ఒక రాత్రి ఇక్కడ వైర్లు పెట్టి పరీక్ష చేస్తేగాని ఖాయంగా చెప్పలేను" అన్నాడు డాక్టరు. "ఊపిరాగే జబ్బుందని తేలితే నిద్రలో గాలి పెట్టే మిషనుంది. అంతదాకా చుక్కాని ముట్టుకోకూడదు."

"ఆయ్" అన్నాడు బంగారరాజు.

"ఆ తాడు నాకిస్తారా అమ్మా?"

పోలమ్మ కొసలు చిక్కుపడకుండా దాన్ని చుట్టచుట్టి డాక్టరు చేతికిచ్చింది.