ఐదో పత్తా

మా నాన్న తమ్ముడు చిన్నబాపు పోయిన మూడో రోజు, ఆయన చేనులోనే కూర్చుని నేను నలుగురికి పోకర్ నేర్పాను. ఈ ముక్క రాస్తుంటేనే నా మొహాన నాకే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది. కానీ జరిగింది అదే.

మా దిక్కు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరం జరిగి కాకి కోసం చూస్తారు. అది ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టరు. ముట్టలేదంటే, పోయినాయన మనసులో ఏదో ఉండిపోయిందని లెక్క. ఆ రోజు జమ్మికుంట దగ్గర, చిన్నబాపు పత్తిచేను గట్టు మీద మటన్, గారెలు, ఒక ముంతెడు కల్లు పెట్టి వచ్చి చెట్టు కింద కూర్చున్నాం. గంటైనా కాకి జాడ లేదు. ఆడవాళ్లు మోటరు గది నీడకు చేరారు. చిన్నమ్మ మోకాళ్ల మీద తలపెట్టి, కొంగు కప్పుకుని కూర్చుంది. పొద్దున్నించి చాయ్ కూడా తాగలేదు.

మగవాళ్లకు ఊరికే కూర్చోవడం ఎక్కడ చేతనవుతుంది! చిన్నబాపు అల్లుడు, అంటే నాకు బావ, కాగజ్‌నగర్ నుంచి వచ్చాడు. జేబులోంచి పత్తాల కట్ట తీశాడు. చావింట్లో పత్తాలాడటం మా దగ్గర తప్పేం కాదు. రమ్మీ వేసుకుంటే సరిపోయేది. కరీంనగర్‌లో ఆఫీసు ఉద్యోగం, ఫోన్లో నేర్చుకున్న కొత్త ఆట... నలుగురికి చూపించుకోకపోతే నాకు అన్నం అరుగుతుందా?

"మనిషికి రెండే పత్తాలు, ఎవ్వలికి చూపెట్టొద్దు. నడుమల ఐదు పడ్తయి, అవి అందరియి. మన రెండు, నడిమి ఐదు కలిపి, ఏడిట్ల మంచియి ఐదు ఏరుకోవాలె" అన్నాను.

"నడిమియి అందరియా? గిదేం ఆట బావా, వాడకట్టు బోరింగు లెక్క!" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. వరుసకు మామ అయ్యే ముసలాయన ఒకరు, "మెల్లగ నవ్వుండ్రి బిడ్డా, పిట్ట రావాలె" అన్నాడు. అన్నాడు కానీ, తనకూ రెండు పత్తాలు వేయించుకున్నాడు.

పందేనికి అగ్గిపుల్లలు. చేతిలో రెండు చూసుకున్నాక ఒక పందెం. నడుమ మూడు ఒకేసారి తెరిచాక ఇంకోటి. నాలుగోది తెరిచాక, ఐదోది తెరిచాక మళ్లీ మళ్లీ. నచ్చనివాడు ఎప్పుడైనా పడేసి తప్పుకోవచ్చు. చేతిలో ఏం లేకున్నా ధైర్యంగా పుల్లలు తోస్తే ఎదుటివాడు జడుసుకుని పడేస్తాడు, కాబట్టి మొహంలో ఏదీ కనపడనీయొద్దని పెద్ద పంతులులాగా చెప్పాను.

నాలుగో ఆటలో నాకు ఆటీన్ ఆసు, ఆటీన్ ఏడు వచ్చాయి. నడుమ తెరిచిన మూడింట్లో రెండు ఆటీన్లు. ఇంకొక్క ఆటీన్ పడితే ఐదూ ఆటీన్లే, దాన్నే కలర్ అంటారు. నాలుగోది ఇస్పేటు. మామ పడేశాడు. బావ మాత్రం మొండిగా పుల్లలు తోస్తూనే ఉన్నాడు. ఐదో పత్తా తిప్పాడు. ఆటీన్ పది!

"కలర్!" అని అరిచాను. చివరి పందెం ఇంకా కాకముందే, చేతులు రెండూ పైకి లేపి, గొంతు చించుకుని అరిచాను. అప్పుడే బావ భుజం మీదుగా నాకు కనబడింది: విస్తరి అంచున వాలిన కాకి, ఇంకా ఏదీ ముట్టకముందే, దడుచుకుని లేచింది. చేను దాటి పోయింది. అందరూ పత్తాలు చూస్తున్నారు. నా కేకకు చిన్నమ్మ తలెత్తింది. అప్పటికి అక్కడ ఏమీ లేదు.

అది మళ్లీ రాలేదు. పొద్దు వాలింది. బావ విస్తరి దిక్కు తిరిగి చేతులు జోడించి, "నీ బిడ్డను మంచిగ చూసుకుంట మామా, ఫికర్ జేయకు" అన్నాడు. అయినా రాలేదు. అప్పుడు చిన్నమ్మ లేచి వెళ్లి, విస్తరి దగ్గర నేల మీద బోర్లా పడింది.

"దవఖానల గింత కల్లు అడిగిండు. సావబోతు గదేం యావ అని తిట్టిన. నా నోరు పడిపోను! గా మాట మీదనే పోయిండు. తప్పయింది, వచ్చి తినయ్యా..."

పదడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. 'కాకి వచ్చింది చిన్నమ్మా, నా అరుపుకే ఎగిరిపోయింది.' ఇంతే చెప్పాల్సింది. చుట్టాలంతా నన్ను ఏమనుకుంటారోనని భయం. నా పరువు కోసం ఆమెను అట్లాగే మట్టిలో ఏడవనిచ్చాను. చివరికి పిట్టకు బదులు, విస్తరిలోని గారెలు ఆవుకు పెట్టారు.

సాయంత్రం ఇంటికి వచ్చాక చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు సదువుకున్నోనివి. నిజం జెప్పు బిడ్డా, నా మీద కోపంతోనే పోయిండంటవా?"

"గట్లేం లేదు చిన్నమ్మా, గిప్పుడు కాకులెక్కడున్నయ్? సెల్లు టవర్లొచ్చి అన్ని సచ్చినయ్" అన్నాను.

"పక్క చేన్లకు రోజు వస్తనే ఉన్నయి గద" అంది చిన్నమ్మ. ఆ రాత్రి కూడా రెండు ముద్దలు కెలికి లేచింది.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి చిన్నమ్మ అదే గట్టు మీద విస్తరి పెట్టి, ముంతనిండా కల్లు పోసింది. మేం నాలుగడుగులు వెనక్కి వేశామో లేదో, కాకి వాలి గారె ఎత్తుకుపోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. చిన్నమ్మ కళ్లు తుడుచుకుని, నవ్వుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏడాది పట్టింది బిడ్డా, ఆయన కోపం సల్లారెతందుకు."

"ఔ చిన్నమ్మా" అన్నాను.