జానెడు జరిపిన రాయి

ఒక రాయిని ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. మొదట అది నిమ్మకాయంతే ఉండేది. గుప్పిట్లో పట్టేది. మోయగా మోయగా పెరిగింది. ఈ మధ్య దాని బరువు చూసుకుంటే మా బొజ్జన్నకొండకు సొంత తమ్ముడేమో అనిపిస్తోంది. మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వించడం నాకు వృత్తి కాదు, జబ్బు. చీమ కుట్టిన చోట తేలు కుట్టిందని చెప్పకపోతే నాకు తిన్న అన్నం అరగదు. అందుకే ఈ ఒక్క సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే పెంచేస్తాను. పెంచితే కథ అయిపోతుంది. కథ అయిపోతే అది తప్పు కాకుండా పోతుంది. అదీ నా భయం. నిజంగా అదేనా? లేక భయం పేరు చెప్పి ఇన్నేళ్లూ తప్పించుకున్నానా?

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇద్దరికీ ఇదే సుఖం.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. అనకాపల్లిలో మా బడికి స్కౌటు దళం ఉండేది. ఖాకీ నిక్కరు, మెడలో స్కార్ఫు, నడుముకు తాడు చుట్ట. ఆ వేషంలో నేను రోడ్డు మీదకొస్తే బెల్లం బళ్ల ఎడ్లు కూడా ఆగి దారి ఇచ్చేవని మా ఆవిడకు ఇప్పటికీ చెబుతుంటాను. ఎడ్లు ఆగడం నిజమే. ముందు బండికి చక్రం ఊడిపోయింది.

మా స్కౌటు మాస్టారు ఏటా చలికాలంలో ఊరవతల మామిడితోటలో శిబిరం పెట్టేవారు. అక్కడ ప్రతివాడూ తనకు నచ్చిన విద్య ఒకటి ఎంచుకుని పరీక్షకు నిలబడాలి. నెగ్గితే చొక్కా చేతికి బ్యాడ్జీ. వంట ఉండేది, గాయాలకు కట్టు కట్టడం ఉండేది, డేరా వేయడం, దారి గుర్తులు పెట్టడం, ఇంకా చాలా ఉండేవి. తాళ్ల ముడుల బ్యాడ్జీ నాకు అంతకుముందే వచ్చింది. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నేను వేసిన ఒక ముడిని విప్పడానికి మాస్టారు కొడవలి తెప్పించారు. కాదు, గొప్పే చెప్పుకుంటున్నాను. విప్పడానికి రాని ముడి ముడే కాదని ఆ సందర్భంలో ఆయన అన్న మాటలు ఇక్కడ అనవసరం.

ఆ ఏడాది శిబిరానికి ఒక విశేషం ఉంది. మా బడి నుంచి ఒక్కణ్ణి రాష్ట్ర శిబిరానికి పంపుతారు. రైలెక్కి వెళ్లాలి. పోటీలో మిగిలింది ఇద్దరం. చెరొక బ్యాడ్జీ ఉన్నవాళ్లం. రెండోది ఎవరికొస్తే వాళ్లకే రైలు. ఒకణ్ణి నేను. రెండోవాడు నూకరాజు. అది అతని అసలు పేరు కాదు. మా బజారులో ఆ పేరు పెట్టి కేకేస్తే సగం మంది వెనక్కి తిరుగుతారు. మనిషిని దాచడానికి అంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు.

నూకరాజుది అచ్యుతాపురం అవతల, సముద్రం ఒడ్డు. తండ్రి వేటకెళ్లేవాడు, తల్లి చేపలమ్మేది. ఇతను ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు, అయినా మొదటి రోజు నుంచీ ఒకరికొకరం బావలమే. అతను దారి గుర్తుల విద్య ఎంచుకున్నాడు. అదేం విద్యరా, రాళ్లేరుకోవడం కూడా ఒక విద్యేనా అని వెక్కిరించాను.

"మా అయ్య కొండ సూసుకుని ఒడ్డుకొత్తాడు బావా. గుర్తు సరిగ్గా ఉంటే మడిసి ఇంటికొత్తాడు. అంతే" అన్నాడు.

నేను వంట ఎంచుకున్నాను. కారణం నన్ను చూసినవాళ్లెవరూ అడగరు. మూడు రాళ్ల పొయ్యి మీద, ఎవరి సాయమూ లేకుండా, మా దళం మొత్తానికి ఉప్మా చేయాలి. చేశాను. గరిటె నిలబెడితే అలాగే నిలబడిపోయింది. తీయడానికి ఇద్దరు పట్టారు. దాన్ని ఇటుకల్లా కోసి పేర్చుకుంటే శారదా నదికి ఆనకట్ట కట్టొచ్చు. తోటలో ఉండే కుక్క వాసన చూసి, ఆ తోటే వదిలిపెట్టి వెళ్లిపోయింది. మాస్టారు ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. మింగారో లేదో నేను చూడలేదు.

"ఒరేయ్, నువ్వింక పొయ్యి దగ్గరుండొద్దు. నూకరాజు గుర్తులెట్టడానికి ఎల్తన్నాడు. ఆడెనకాల నీళ్ల డబ్బా అట్టుకుని ఎల్లు" అన్నారు.

అలా వెళ్లాను. మంచినీళ్లు మోస్తూ. ముడుల చక్రవర్తిని.

గుర్తుల సంగతి మీకు చెప్పాలి. పెద్ద రాయి మీద చిన్న రాయి పెడితే ఇదే దారి అని అర్థం. ఆ పెద్ద రాయికి కుడి పక్కన ఇంకో చిన్న రాయి పెడితే కుడికి తిరగమని, ఎడమ పక్కన పెడితే ఎడమకు తిరగమని. అంతే. ముందు వెళ్లినవాడు గుర్తులు పెట్టుకుంటూ పోతాడు. వెనకాల చిన్న తరగతుల పిల్లలు వాటిని చదువుకుంటూ వచ్చి, మాస్టారు నిలబడ్డ చోటికి చేరాలి. చేరితే పెట్టినవాడు నెగ్గినట్టు.

దారంతా చెరకుతోటల గట్ల మీద. తోట తలను మించి ఎదిగాక లోపల ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఏ గట్టు చూసినా ఇందాకటి గట్టులాగే ఉంటుంది. నూకరాజు ఒక్కొక్క గుర్తూ పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, మోకాళ్ల మీద కూర్చుని చూసేవాడు. ఎందుకురా అంటే, వచ్చేవాళ్లు పొట్టివాళ్లు, వాళ్ల కంటి ఎత్తు నుంచి కనపడాలి అన్నాడు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది, రైలెక్కేది ఎవరో.

చివరి గుర్తు రెండు గట్లు చీలే చోట. కుడికి వెళితే కాలవ గట్టు, అక్కడ మాస్టారు. ఎడమకు వెళితే తోటల మధ్యలో బెల్లం వండే పాక. నూకరాజు చిన్న రాయిని కుడి పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. లేచి ముందుకు నడిచాడు. నేను డబ్బా కింద పెట్టాను. వంగాను. చిన్న రాయిని తీసి ఎడమ పక్కన పెట్టాను.

జానెడు దూరం. అంతే జరిపాను.

చాలా ఏళ్లు దీన్ని అల్లరి అని నాకు నేను చెప్పుకున్నాను. పనితనం చూడండి, మిగతా రెండు రాళ్లూ ముట్టుకోలేదు, గడ్డి నలగలేదు, అడుగు జాడ పడలేదు, అని లోపల్లోపల మురిసిపోయాను కూడా. అల్లరి చేసినవాడు ఆ సాయంత్రమే ఎవరికో ఒకరికి చెప్పి నవ్వుకుంటాడు కదా? నేనెందుకు చెప్పలేదు? అందరినీ నవ్వించేవాణ్ణి, ఆ ఒక్క తమాషాకు మాత్రం ప్రేక్షకులు వద్దని ఎందుకనుకున్నాను? అది అసూయ. అతను మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు పుట్టింది.

పిల్లలు ఎడమకు తిరిగారు. పాక దగ్గర రైతు వాళ్లకు వేడి బెల్లం పెట్టాడు. కడుపులు నిండాక బయల్దేరి దారి తప్పారు. పొద్దు వాలేదాకా చెరకులో తిరిగారు. చెరకాకు అంచు కోస్తుంది. అందరిలోకీ చిన్నవాడికి మొహమంతా గీతలు పడి, బెల్లం మీద కన్నీళ్లు, వాటి మీద మట్టి. కేకలు వేసుకుంటూ వెతికి తీసుకొచ్చేసరికి తల్లిదండ్రులు శిబిరానికొచ్చేశారు. ఇక్కడ నేను ఏమీ పెంచడం లేదు.

మాస్టారు నూకరాజును ఆ చీలిక దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను.

"సరిగ్గానే పెట్టేను సార్" అంటున్నాడు దారంతా.

"సూడు మరి. నీ కళ్లతోనే సూడు. ఎటు సూపిత్తంది?"

అతను చూశాడు. మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. "ఎడమేపు సార్" అన్నాడు. ఆ తర్వాత, "నాదే తప్పు సార్."

తిరిగొస్తూ వెనకబడి నా పక్కకొచ్చాడు.

"బావా, నువ్వు నా ఎనకాలే ఉన్నావు కదా. నేనా రాయి ఎటు పెట్టేనో సూసేవా?"

"సూడ్లేదురా."

"కుడేపు పెట్టినట్టే ఉంది నాకు."

"ఏమో మరి. కంగార్లో పెట్టేసుంటావు."

"అంతే అయ్యుంటాది" అన్నాడు.

రాయి జరపడానికి ఒక్క క్షణం పట్టింది. అది చేసినప్పుడు నాకు బుర్ర లేదనుకోవచ్చు. ఈ మాట అన్నప్పుడు మాత్రం బాగా ఉంది. అతను తలుపు తట్టాడు. నేను లోపల ఉండి, ఎవరూ లేరని చెప్పాను.

రాష్ట్ర శిబిరానికి నేనే వెళ్లాను. నా ఉప్మా వల్ల పిల్లలెవరూ తప్పిపోలేదన్నది నా అర్హత. స్టేషనుకొచ్చి సామాను ఎక్కించింది నూకరాజే. ఆ శిబిరంలో ఎవరో పెద్ద అధికారి నాతో కరచాలనం చేశాడు. ఆ కరచాలనాన్ని ఇన్నేళ్లలో ఆలింగనం దాకా పెంచుకొచ్చాను.

ఇప్పుడు నేనే ఒక బడిలో స్కౌటు మాస్టార్ని. మా పిల్లల గురించి చెప్పమంటే మీకు తెల్లారిపోతుంది. తడి కట్టెలతో పొయ్యి వెలిగించే అమ్మాయి ఉంది మా దగ్గర. కాలు విరిగిన మేకకు వెదురుబద్దలతో కట్టు కట్టిన పిల్లాడున్నాడు. ఆ మేక ఇప్పుడు వాడు కనపడితే తలూపి పలకరించి పోతుంది. ఎవరికి నచ్చిన విద్య వాళ్లు ఎంచుకోండి, నచ్చకపోతే మార్చుకోండి, తప్పితే మళ్లీ చేయండి అంటాను. ఒక్కసారి తప్పితే బ్యాడ్జీ పోయే పద్ధతి మా బడిలో లేదు. అది ఎందుకు లేదో ఎవరూ అడగలేదు.

మొన్న మా శిబిరం ముగింపుకు నూకరాజును పిలిచాను. అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో కార్మికుల భద్రత చూసే సూపర్‌వైజరు అతను. షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో, ఆ యూనిఫాంతోనే వచ్చాడు. వేదిక మీద అతని పక్కన కూర్చుంటే నాకు ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది. చొక్కా బొత్తాం తెగింది కూడా. అది లడ్డూల వల్ల అని మా ఆవిడ అభిప్రాయం.

మైకు ఇస్తే పిల్లలకు ఆ రాయి సంగతి చెప్పాడు.

"మీ వయసులో నేనొక గుర్తు తప్పుగా పెట్టేను. నా మూలంగా సిన్నపిల్లలు తోటలో తప్పిపోయేరు. పెట్టినప్పుడు సరిగ్గానే కనిపించింది. అదీ సిత్రం. అప్పట్నుంచి నా కళ్లని నేను ఒక్కసారికి నమ్మను. ఏ పని సేసినా ఎనక్కొచ్చి మళ్లీ సూత్తాను. మా కంపెనీలో కుర్రోళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. అందరూ ఇళ్లకెల్తన్నారు." తర్వాత నా వైపు చెయ్యి చూపించాడు. "ఆ రోజు మీ మేస్టారు నా ఎనకాలే ఉన్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఎత్తిపొడవలేదు. స్నేయితుడంటే అలాగుండాలి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరికంటే గట్టిగా.

అతను క్షేమంగా ఇంటికి పంపించిన వాళ్లందరిలో నాకూ కొంత వాటా ఉందేమో అనే ఆలోచన అప్పుడు వచ్చింది. సిగ్గులేకుండా వచ్చింది. నేను ఆ రాయి జరపకపోతే ఇతను ఇంత జాగ్రత్తపరుడయ్యేవాడా అని. కానీ నాకు తెలుసు. రాయి జరగకముందే అతను మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ఆ జాగ్రత్త అతనిది. నేనిచ్చింది జాగ్రత్త కాదు, తన కళ్ల మీద తనకు అనుమానం.

బస్సు ఎక్కించడానికి వెంట వెళ్లాను. బడి గేటు గడియ వేసి నాలుగడుగులు నడిచాడు. వెనక్కెళ్లి గడియ చూసుకున్నాడు. నడిచాడు. మళ్లీ వెనక్కెళ్లాడు.

"ఇంటికాడ మా ఇంటిది నవ్వుతాది బావా" అన్నాడు, తనూ నవ్వుతూ.

నేను నోరు తెరిచాను. అంతలో బస్సు వచ్చేసింది అని రాస్తే బాగుంటుంది. బస్సు రాలేదు. చాలాసేపు రాలేదు. మేం పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం.

అందుకే ఇలా పత్రికకు రాస్తున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేదు గనక కాగితం మీద చెబుతున్నాను. క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తాడు, అతను అలాంటివాడు, అప్పుడు నేను దాన్ని కూడా ఒక గొప్పగా చెప్పుకుంటాను. ఇంత రాశాక భుజాలు కొంచెం తేలికయ్యాయి. అంతమాత్రం చాలు.

పేరు మార్చినా అతను పోల్చుకుంటాడు. బస్సులో కూర్చుని చదువుతాడు. మొదటిసారి నమ్మడు. వెనక్కొచ్చి మళ్లీ చదువుతాడు.

సదువుకో బావా. సిన్న రాయి నువ్వు కుడేపే పెట్టేవు. నేను సూసేను.